ప్రస్తుతానికి ఇంకొకరు

కర్టెన్ల షాపు, వెనక కుట్టు గది

తమ్ముడూ,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టబోయి ఆగాను. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోను ఉండగా ఉత్తరమేమిటి, అక్కకి పిచ్చి పట్టిందా అనుకుంటున్నావు కదూ? మాది రెండు గదుల ఇల్లు. మీ బావ రోజంతా మంచం మీదే ఉంటారు. పక్క గదిలో సూది కింద పడినా ఆయనకి వినపడుతుంది, ఇక ఫోనులో గుసగుసలాడితే వినపడదా! అందుకని భోజనాల వేళ షాపులో కూర్చుని రాస్తున్నాను. నువ్వూ షాపు అడ్రసుకే రాయి.

క్రేను నిచ్చెన మీంచి పడ్డప్పుడు విరిగిన ఆయన చెయ్యి అతుక్కుంది. కళ్లు తిరగడం మాత్రం తగ్గలేదు. చెవి లోపల ఏదో దెబ్బతిందట. మంచం దిగితే గోడైనా పట్టుకోవాలి, నా భుజమైనా పట్టుకోవాలి. డాక్టరు ఆయనతో "కొన్నాళ్లు చూద్దాం" అన్నాడు. బయటికి వచ్చి నాతో మాత్రం, ఇక ఎత్తు ఎక్కే పని జన్మలో వద్దన్నాడు.

నిన్న ఆయన పనిచేసే యార్డుకి రమ్మని కబురొస్తే వెళ్లాను. సూపర్‌వైజర్ నన్ను లోపలికి కూడా పిలవలేదు. గేటు దగ్గరే, లారీ డ్రైవర్లంతా వింటుండగా చెప్పాడు. "ఆయన్ని ఇక క్రేను ఎక్కించలేం అమ్మా. కొత్త మనిషిని వేసేశాం." తల కొట్టేసినట్టయింది. తప్పు చేసిన దానిలా తల ఊపి వచ్చేశాను.

ఇంటికి రాగానే మీ బావ అడిగారు. "నా సీట్లో ఎవర్ని కూర్చోబెట్టారు?" రోజూ అడిగే మాటే. నిజం చెప్పాలనే నోరు తెరిచాను. "ప్రస్తుతానికి ఎవరో కొత్తతన్ని పెట్టారట" అని వచ్చింది నోట్లోంచి. ఆయన మొహం వెలిగిపోయింది. "ప్రస్తుతానికే కదా, నేనెళ్లేదాకా ఎవరో ఒకరు నడపాలిగా" అన్నారు. ఆ వెలుగు చూశాక ఇక వెనక్కి తీసుకోలేకపోయాను.

అబద్ధం ఆడాలని ఆడలేదురా. కానీ ఆడాను. ఎవరికైనా చెప్పుకోకపోతే పొట్ట పగిలేలా ఉంది. నీకు చెప్పాను. గోడకి కూడా చెప్పకు.

నీ అక్క

*

ప్రెస్సు మేడ మీద గది

అక్కా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు తల దించుకోవలసిన పని ఏం చేశావు? దించుకోవలసింది గేటు దగ్గర నిలబెట్టి చెప్పిన ఆ పెద్దమనిషి. బావ కొంచెం కోలుకోనీ, నెమ్మదిగా చెబుదువుగాని.

విచిత్రం ఏమిటంటే నేనూ ఇక్కడ ఆ "ప్రస్తుతానికి" అన్న మాటతోనే కుస్తీ పడుతున్నాను. పెద్దవాళ్ల సాయంకాలం క్లాసుల కోసం ఇంగ్లీషు మాటల పుస్తకం రాస్తున్నానని చెప్పాను కదా. పాఠానికి ఒక మాట, దాని కింద పది ఉదాహరణలు, ప్రతిదానికీ తెలుగు. ఆరో పాఠం "ఫర్ ది టైమ్ బీయింగ్". అంటే ప్రస్తుతానికి, ఇప్పటికి మటుకు. మనవాళ్లు అందాకా అంటారే, అదే. ఇప్పుడున్న ఏర్పాటు ఇలాగే ఉండిపోదు, మారుతుంది అని చెప్పడానికి వాడతారు. ఎప్పుడు మారుతుందో మాత్రం చెప్పక్కర్లేదు. అందుకే ఆఫీసుల్లో ఈ మాటంటే అంత ముద్దు. "ఫర్ ది టైమ్ బీయింగ్ ఈ కుర్చీలో కూర్చోండి" అన్నారంటే మనిషి ఆ కుర్చీలోనే రిటైరవుతాడు.

ఇంతా తెలుసు గానీ ఉదాహరణలు రావడం లేదు. "ప్రస్తుతానికి గొడుగు ఇక్కడ పెట్టండి" లాంటివి మూడు రాశాను. చదువుతుంటే నాకే ఆవులింతలొస్తున్నాయి. ప్రెస్సు ఓనరు "సార్, ఇవి మనుషులు మాట్లాడుకునే మాటల్లా లేవు" అన్నాడు. నిజమే అన్నాడు.

సరే, నా గోల వదిలెయ్యి. నువ్వు రాస్తూ ఉండు. కొత్తతన్ని చూశావా? ఎలా ఉన్నాడు? బావ స్నేహితులు ఏమంటున్నారు? ఏదీ దాచుకోకు. అన్నీ వివరంగా రాయి.

తమ్ముడు

*

కర్టెన్ల షాపు

తమ్ముడూ,

ఆరా తీసి అడిగేవాడు ఒక్కడైనా ఉన్నాడని ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ అందరూ "ఎలా ఉన్నారు?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోతున్నారు.

కొత్తతన్ని చూశాను. జీతం కాగితాల మీద సంతకం పెట్టడానికి వెళ్లినప్పుడు భోజనానికి కిందికి దిగాడు. తాడిచెట్టంత మనిషి. యార్డులో అప్పుడే పొడుగాయన అని పేరు పెట్టేశారట. ఎండకి వేడెక్కకుండా తన సామాను నీడలో పెట్టుకుంటూ చంకలోంచి ఒక దిండు తీశాడు. మా దిండు! క్రేను సీటు గట్టిగా ఉంటుందని మీ బావ గొణుగుతుంటే, షాపులో మిగిలిన ఆకుపచ్చ కర్టెను ముక్కతో నేను కుట్టిచ్చింది. నాలుగు మూలలా నాలుగు బొత్తాలు. నల్లవి మూడే దొరికితే నాలుగోది ఎర్రది కుట్టాను. "ఇదేమిటి, మూడు కళ్లు బాగుండి ఒక కన్ను ఎర్రబడ్డట్టుంది" అని మీ బావ నవ్వారు కూడా.

అది నాదని చెప్పి తీసుకోవచ్చు. నోరు రాలేదు. దిండు ఇంటికొచ్చిందంటే ఇక అంతా అయిపోయినట్టేగా. అక్కడే ఉండనీలే అనుకుని, దొంగలా తల తిప్పుకుని వచ్చేశాను.

యార్డులో వాళ్లందరినీ కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. ప్రస్తుతానికి ఎవరూ నోరు విప్పరు. ఆదివారాలు వస్తారు, టీ తాగుతారు, ధరల గురించి, వానల గురించి, ఎవరింట్లోనో కుక్క పిల్లల్ని పెట్టడం గురించి మాట్లాడతారు. క్రేను మాట మాత్రం ఎత్తరు. మీ బావ నన్నడిగారు, "వీళ్లకి పనంటే విసుగు పుట్టిందా ఏమిటి?" అని. భూమి చీలి అందులోకి దిగిపోతే బాగుండుననిపించింది.

ఒక మంచి ఆలోచన చేశాను. యార్డులో రేడియో గది ఉంది, క్రేనుల వాళ్లకీ లారీల వాళ్లకీ వైర్‌లెస్‌లో కబుర్లు అందించే చోటు. కింద కూర్చుని చేసే పని, నిచ్చెన ఎక్కనక్కర్లేదు. కాకపోతే కాస్త ఇంగ్లీషు రావాలి. "ఊరికే పడుకునే బదులు నేర్చుకోకూడదూ" అన్నాను. "మీ తమ్ముడి పుస్తకం అచ్చయితే దాంతోనే నేర్చుకుంటా, ఇంటి పంతులు" అన్నారు. ఆయన ఆ గదిలోకి వెళ్లిన రోజున నిజం చెప్పేస్తాను. అప్పుడు అంత దెబ్బ తగలదు. అందాకా ఇలా నెట్టుకొస్తాను.

నీ అక్క

*

ప్రెస్సు మేడ మీద గది

అక్కా,

నాలుగు ముక్కలు. చేతులు ఖాళీ లేవు. పుస్తకం అచ్చయింది! ఆరో పాఠం అన్నిటికంటే బాగుందని ఓనరే ఒప్పుకున్నాడు. సాయంకాలం క్లాసుల వాళ్లు రెండు వేల ప్రతులు తీసుకెళ్లారు.

మొదటి ప్రతి బావకే. ఈ ఉత్తరంతో పాటే ఇంటి అడ్రసుకి పంపుతున్నాను. లోపల "బావకి, ప్రేమతో" అని రాశాను. రోజుకో పాఠం చెయ్యమను. నేను పరీక్ష పెడతాను, తప్పులు రాస్తే గోడకుర్చీ వేయిస్తానని చెప్పు.

తమ్ముడు

*

ఇంటి నుంచి

నీకు ఏమని సంబోధించాలో తెలియడం లేదు.

పుస్తకం వచ్చిన రోజు నుంచీ మీ బావ దాన్ని కింద పెట్టలేదు. నేను షాపు నుంచి రాగానే ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ రోజు పాఠం పైకి చదివేవారు. ముందు ఇంగ్లీషు, తర్వాత తెలుగు. చంటిపిల్లాడిలా వేలు పెట్టి చదివేవారు. ఎన్నాళ్లకో మా ఇంట్లో నవ్వులు వినపడ్డాయి.

నిన్న ఆరో పాఠం. గొడుగు వాక్యం చదివారు, నవ్వారు. నాలుగోది చదివారు. "ప్రస్తుతానికి నా భర్త సీట్లో ఇంకొకతను కూర్చుంటున్నాడు, నేను కుట్టిన ఎర్ర బొత్తాం దిండు మీద." నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆయనకి ముందు సంతోషమే వేసింది. "చూశావా, మీ తమ్ముడు మన దిండుని పుస్తకానికెక్కించాడు!" అన్నారు. ఆ సంతోషంలోనే అయిదోది మొదలుపెట్టారు. నేను "ఇవాళ్టికి చాలు, భోజనం చేద్దాం" అన్నాను. వినలేదు.

"ఆయన్ని ఇక పనిలోకి తీసుకోరని ప్రస్తుతానికి ఆయనకి చెప్పలేదు."

"ప్రస్తుతానికి తోటివాళ్లు కూడా నోరు విప్పకూడదని ఒప్పుకున్నారు."

రెండూ చదివారు. ఇంగ్లీషూ చదివారు, తెలుగూ చదివారు. తర్వాత కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టి, మూత వేసి, నన్నడిగారు. "ఎంతమందికి తెలుసు?"

"అందరికీ" అన్నాను. ఇంకేం అనను?

అప్పటినుంచి నాతో మాట లేదు. పొద్దున్నే లేచి, నా భుజం పట్టుకోకుండా, గోడ తడుముకుంటూ మెట్లు దిగి వెళ్లారు. పడిపోతారేమోనని వెనకే వెళ్లాను. యార్డు గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. షిఫ్టు దిగినవాళ్లు ఆయన్ని చూసి, మళ్లీ లోపలికి పోయి, వెనక గేటు నుంచి ఇళ్లకి వెళ్లిపోయారు. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు.

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. మా ఇంటి గుట్టు రెండు వేల మంది బట్టీ పడుతున్నారు. నువ్వు "వివరంగా రాయి" అన్నప్పుడు నా మీద ప్రేమ అనుకున్నాను.

*

ప్రెస్సు మేడ మీద గది

అక్కా,

ఇది నాలుగో కాగితం. మూడు చింపేశాను. వాటిల్లో సంజాయిషీలు ఉన్నాయి. పేర్లు లేవు కదా ఎవరికి తెలుస్తుందనుకున్నానని ఒకదాంట్లో, ప్రెస్సువాడు తొందరపెట్టాడని ఒకదాంట్లో. చదువుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

జరిగింది ఇది. నీ మొదటి ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. అది నిజం. ఆ తడి ఆరకముందే, ఇందులో ఒక మంచి వాక్యం ఉందని తోచింది. అదీ నిజమే. అన్నీ వివరంగా రాయమన్నప్పుడు నీ కష్టం తెలుసుకోవాలని ఎంత ఉందో, నా పాఠానికి ఉదాహరణ దొరకాలనీ అంతే ఉంది నాకు. ఎర్ర బొత్తాం సంగతి చదివి ఎగిరి గంతేశాను. దిండు అని రాస్తే ఉత్త దిండే, ఎర్ర బొత్తాం ఉంటే మనిషి ఇల్లు కనిపిస్తుంది కదా అని మురిసిపోయాను.

ఆ తర్వాత ప్రూఫులు వచ్చాయి. ఒకసారి కామా కోసం చూశాను, ఒకసారి అక్షరాల కోసం, ఒకసారి లైను విరుపు కోసం. చూడగా చూడగా నీ ఉత్తరాల్లోంచి తీసిన ఆ మూడు వాక్యాలూ నీ మాటలు కాకుండా పోయాయి. నాలుగోది, అయిదోది, ఆరోది అయ్యాయి. బావకి పుస్తకం కట్టి పంపేటప్పుడు నాకు అస్సలు గుర్తు లేదు. ఇంతకంటే సిగ్గుచేటైన సంజాయిషీ ఉండదని తెలుసు. మా పనే అలాంటిదని చెప్పి తప్పించుకోను. ఇంకెవరిదో అయితే ఆ వాక్యం చూసి నేను "బాగుంది" అనేవాణ్ణి.

ఓనరు కాళ్లు పట్టుకున్నాను. మిగిలిన ప్రతుల్లో ఆ మూడు వాక్యాల మీద కాగితం ముక్కలు అంటించడానికి ఒప్పుకున్నాడు. రోజూ కూర్చుని నేనే అంటిస్తున్నాను. క్లాసులకి వెళ్లినవి మాత్రం వెళ్లిపోయాయి. అడిగితే, "ఆ పాఠమే మాకు బాగా అర్థమైంది సార్" అన్నారు అక్కడ. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

నన్ను రమ్మంటే వస్తాను. బావ కొడితే పడతాను.

*

టీ కొట్టు బల్ల మీద నుంచి

బామ్మర్దికి,

నువ్వు రానక్కర్లేదు. కొట్టే ఓపిక నాకు లేదు, లేచి నిలబడితే నేనే పడతాను.

మీ అక్క నీ ఉత్తరం నా పక్కన పెట్టి వెళ్లింది. చదివాను. నువ్వు రాసిన మూడు వాక్యాల్లో తప్పేమీ లేదు. అన్నీ నిజాలే. అదే నా బాధ. నా సీటు పోయిందన్న సంగతి నాకు సూపర్‌వైజర్ చెప్పలేదు, డాక్టరు చెప్పలేదు, మంచం మీద నా పక్కన పడుకున్న మనిషి చెప్పలేదు. గొడుగు ఎక్కడ పెట్టాలో చెప్పే పాఠం చెప్పింది.

సీటు పోయినందుకు ఏడవడం లేదు. కళ్లు తిరిగే మనిషిని ఎవడు ఎక్కిస్తాడు? నేనైతే ఎక్కనిస్తానా? క్రేను కింద పదిమంది పనిచేస్తుంటారు. ఆ మాట ఎవరైనా నాతో అని ఉంటే నేనే ఒప్పుకునేవాణ్ణి. ఆదివారాలు వచ్చినవాళ్లతో నేను, "ఇంకో వారంలో వచ్చేస్తా, నా సీటు పాడు చెయ్యొద్దని వాడికి చెప్పండి" అని జోకులు వేశాను. వాళ్లు తల ఊపారు. ఆ తల ఊపడాలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. సిగ్గుతో ఒళ్లు కాలిపోతోంది.

అందుకే ఇక్కడ కూర్చుంటున్నాను. ఒక్కడైనా ఎదురుగా వచ్చి చెబుతాడేమోనని. అందరూ వెనక గేటు నుంచి పోతున్నారు. మంచివాళ్లే పాపం.

నిన్నొకటి అడగాలి. మూడు వాక్యాలూ నువ్వే రాశావు. మొదటి పేజీలో "ప్రేమతో" అనీ నువ్వే రాశావు. ఆ ప్రేమ నిజమేనా?

బావ

*

ప్రెస్సు మేడ మీద గది

బావా,

నిజమే. కానీ ఆ పేజీ రాసినవాడికి ఆరో పాఠం రాసినవాడు గుర్తు లేడు. ఇద్దరూ నేనే. ఇంతకు మించి ఏం రాసినా అందంగా రాయాలని చూస్తానేమోనని భయంగా ఉంది. అందుకే ఆపేస్తున్నాను.

*

ఇంటి నుంచి

తమ్ముడికి,

ఇన్నాళ్లూ రాయలేదు. నువ్వు రాసినవన్నీ అందాయి. బావకి రాసిన నాలుగు ముక్కల కాగితం ఆయన చొక్కా జేబులో చాలా రోజులుంది, ఉతుకుతుంటే దొరికింది. తీసి ఆరబెట్టి మళ్లీ జేబులోనే పెట్టాను.

మొన్న ఆయనంతట ఆయనే పిలిచారు. "నాతో యార్డుకి వస్తావా?" అన్నారు. ఆరో పాఠం చదివిన రాత్రి తర్వాత నాతో అన్న మొదటి మాట అది. చీర కూడా మార్చుకోకుండా బయల్దేరాను.

దారిలో నేను చెప్పాను. డాక్టరు అన్నది, గేటు దగ్గర జరిగింది, దిండు చూసి తల తిప్పుకున్నది, అన్నీ నా నోటితోనే చెప్పాను. తెలిసినవే కదా అనలేదు ఆయన. మొదటిసారి వింటున్నట్టు విన్నారు. "మిమ్మల్ని చూసి జాలి పడ్డాను, తప్పయింది" అన్నాను. "జాలి పడితే పడ్డావు. నాతో కలిసి పడాల్సింది" అన్నారు.

ఈసారి గేటు దగ్గర ఆగలేదు. లోపలికి వెళ్లి సూపర్‌వైజర్ని కుర్చీలోంచి లేపి మరీ, "నేను క్రేను ఎక్కలేనని నాతో చెప్పండి" అని అడిగారు. సూపర్‌వైజర్ అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని చెప్పాడు. మీ బావ "సరే" అన్నారు. "రేడియో గదికి పరీక్ష పెట్టండి. తప్పితే తప్పానని కూడా నాతోనే చెప్పండి" అన్నారు. అందరూ పని ఆపి వింటున్నారు. తల దించుకోని వాడు లేడు.

పొడుగాయన క్రేను దిగి వచ్చాడు. రెండు చేతుల్లో దిండు. ఉతికి ఉంచాడు కూడా. "ఇది మీదని నాకు తెలుసండి. ఎలా ఇవ్వాలో తెలీక..." అని నసిగాడు. మీ బావ దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఎర్ర బొత్తాం వదులైందేమోనని లాగి చూశారు. గట్టిగానే ఉంది, నేను కుట్టింది. తిరిగి అతని చేతిలో పెట్టారు.

"ఆ సీటు నడుం పట్టేస్తుంది. ఉంచుకో" అన్నారు. అతను, "మళ్లీ మీరొచ్చేదాకా..." అన్నాడు అలవాటుగా. పాపం, నేను నేర్పిన మాటే. "కాదయ్యా. నీకే ఇచ్చాను" అన్నారు మీ బావ.

నిన్ను క్షమించారా అని అడగకు. నేను క్షమించానా అనీ అడగకు, నన్ను నేను అడుక్కోవలసిందే చాలా ఉంది. పుస్తకం మళ్లీ తీశారు. ఏడో పాఠం నుంచి మొదలుపెట్టారు. ఆరో పాఠం వదిలేశారు, చింపలేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. యార్డు నుంచి మా ఇంటిదాకా వీధి పొడుగునా గోడ ఉంది. ఇన్నాళ్లూ ఆ గోడ పట్టుకునే నడిచారు. ఆ సాయంత్రం తిరిగొస్తుంటే ఆయన కళ్లు తిరిగాయి. గోడ ఇటు చేతికి అందుతూనే ఉంది. అటు చెయ్యి చాచి నా భుజం పట్టుకున్నారు. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

నీకు చెప్పాను. ఇది మాత్రం ఎక్కడా రాయకు.

అక్క